రాత్రిపూట, ఒకేచోట, ఒక కాలికే నొప్పి: ఉమ్మడి వరంగల్ జిల్లా ఉపాధ్యాయులకు, వసతిగృహ సంక్షేమాధికారులకు బహిరంగ లేఖ

ఉమ్మడి వరంగల్ జిల్లాలోని ప్రభుత్వ, గురుకుల, కస్తూర్బా పాఠశాలల ప్రధానోపాధ్యాయులకు, వ్యాయామ ఉపాధ్యాయులకు, వసతిగృహాల సంక్షేమాధికారులకు నమస్కారములు.

నేను ముప్పై ఒక్క ఏళ్లు ప్రభుత్వ వైద్యశాలల్లో ఎక్స్‌రేలు తీసి పదవీ విరమణ చేసిన రేడియోగ్రాఫర్‌ను. వైద్యుణ్ని కాను. ఫిల్ము చూసి జబ్బు పేరు చెప్పే అధికారం నాకు ఉద్యోగంలో ఉన్నప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. కానీ ఎముక లోపల పుట్టిన గడ్డ ఫిల్ము మీద మొదటిసారి తెల్లగానో నల్లగానో తేలినప్పుడు, దాన్ని అందరికంటే ముందు చూసిన మనిషిని చాలాసార్లు నేనే. అప్పటికే ఎంత ఆలస్యం జరిగిందో కూడా చూశాను. ఆ ఆలస్యంలో కొంత భాగం మీ చేతుల మీదుగా తగ్గించవచ్చునన్న నమ్మకంతో ఈ లేఖ రాస్తున్నాను.

పిల్లల కాలినొప్పి సంగతి మొట్టమొదట తెలిసేది మీకే. కబడ్డీ బరిలో ఒక కాలి మీద బరువు మోపకుండా నిలబడ్డ పిల్లను వ్యాయామ ఉపాధ్యాయుడు చూస్తాడు. అర్ధరాత్రి లేచి కూర్చొని మోకాలు పట్టుకొని ఏడ్చే పిల్లవాడి గొంతు సంక్షేమాధికారికి వినిపిస్తుంది. హాస్టల్లో ఉన్న పిల్లల తల్లిదండ్రులకు ఆ సంగతి దసరా సెలవుల్లోనో సంక్రాంతికో గానీ తెలియదు. ఎక్స్‌రే గదిలో ఉన్న మాబోటి వాళ్ల దగ్గరికి అది వచ్చేసరికి చాలాసార్లు మూడు నెలలు, నాలుగు నెలలు గడిచిపోయి ఉంటాయి.

ముందుగా నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. అది చెప్పకుండా మీకు సలహా ఇచ్చే అర్హత నాకు లేదనుకుంటున్నాను.

2009 వానాకాలంలో ఎనిమిదో తరగతి చదివే పదమూడేళ్ల అమ్మాయిని హాస్టల్ ఆయమ్మ మా దగ్గరికి తీసుకొచ్చింది. కుడి మోకాలి నొప్పి అని చీటీ మీద రాసి ఉంది. ఏమైందమ్మా అని అడిగితే, "ఆటల పడ్డ సార్. పగలు మంచిగనే ఉంటది, రాత్రయితే పండనిస్తలేదు" అన్నది. అప్పట్లో ఫిల్ములను చాలా పొదుపుగా వాడేవాళ్లం. 10×12 ఫిల్మును రెండు భాగాలు చేసి, ఒక భాగం మీద మోకాలు ముందునుంచి, రెండో భాగం మీద పక్కనుంచి తీసేవాళ్లం. ఆరోజు కూడా అలాగే తీశాను. మోకాలు శుభ్రంగా, ఏ లోపమూ లేకుండా కనిపించింది. డాక్టరు గారు ఫిల్ము చూసి బొక్కకు ఏమీ కాలేదని, నొప్పి మాత్రలు వేసుకొని పది రోజులు ఆడవద్దని చెప్పి పంపారు. ఆయమ్మ ఊరట పడి వెళ్లిపోయింది.

రెండున్నర నెలల తర్వాత ఆ అమ్మాయిని తండ్రి భుజాన వేసుకొని తెచ్చాడు. సాయంత్రం కాగానే సన్నగా జ్వరం వస్తోంది. తొడ కింది భాగం వాచి వెచ్చగా ఉంది. లోపల చీము పట్టిందనుకొని అప్పటికి మూడు వారాలుగా మందులు వాడారు. ఈసారి తుంటి నుంచి మోకాలి దాకా పొడుగు ఫిల్ము పెట్టి తీశాను. చీకటి గదిలో ఎర్ర దీపం కింద ఫిల్మును నీళ్లలోంచి పైకి లేపగానే తొడ ఎముక పక్కన ఒకదాని మీద ఒకటిగా సన్నటి తెల్లని గీతలు, ఉల్లిగడ్డ పొరల్లా కనిపించాయి. ఎముక మధ్యలో చెద తిన్న కట్టెలా ఉంది. పాత ఫిల్మును వెతికించి తెచ్చి రెండింటినీ వ్యూబాక్స్ (ఫిల్ములు చూసే లైటు పెట్టె) మీద పక్కపక్కన పెట్టి చూశాను. పాత ఫిల్ము పై అంచు ఎక్కడ ఆగిపోయిందో, దానికి రెండు వేళ్ల ఎడంలోనే జబ్బు మొదలైంది.

చీటీ మీద మోకాలు అని ఉంది కాబట్టి మోకాలు తీశాను. నిబంధన ప్రకారం నన్ను తప్పుపట్టేవారెవరూ లేరు. అయినా ఆ పిల్లను నిలబెట్టి, చేత్తో చూపించమ్మా ఎక్కడ నొస్తోంది అని అడిగి ఉంటే ఆమె వేలు మోకాలి మీద కాకుండా తొడ మీదికి వెళ్లేదేమో. ఆ మాట నేను అడగలేదు. ఆ తర్వాత ఉద్యోగం చేసినంతకాలం అడగకుండా ఒక్క పిల్లవాడినీ బల్ల ఎక్కించలేదు.

ఆ జబ్బు పేరు యూయింగ్ సార్కోమా, ఎముకల్లో పుట్టే ఒక రకం క్యాన్సర్. అమెరికన్ రోగ నిర్ధారణ శాస్త్రవేత్త జేమ్స్ యూయింగ్ 1921లో దీన్ని విడిగా గుర్తించి వివరించినందువల్ల ఆయన పేరే స్థిరపడింది. పొడుగాటి ఎముకల నడిమి భాగంలో, కటి ఎముకలో, పక్కటెముకల్లో ఇది ఎక్కువగా పుడుతుంది. జ్వరం, బరువు తగ్గడం, రక్త పరీక్షలో ఒంట్లోని వాపును తెలిపే ఈఎస్‌ఆర్ పెరగడం వంటివి దీనితోపాటు రావచ్చు కనుక చీము పట్టిన ఎముకతో దీన్ని పొరబడడం సులువు. మన ప్రాంతంలో ఎముకల క్షయ కూడా ఉన్నది. అదీ వాపుతో, సాయంత్రపు జ్వరంతోనే మొదలవుతుంది. అందువల్ల పైకి చూసి ఇది చీము, ఇది క్షయ అని తేల్చి నెలల తరబడి మందులు మింగించడం కంటే, ఆ చోటు నుంచి చిన్న ముక్క తీసి (బయాప్సీ) పరీక్షకు పంపి నిర్ధారించుకోవడమే సరైన దారి.

ఎముకల గడ్డ అనగానే క్యాన్సర్ అని గుండె జారవలసిన పని లేదని కూడా ఇక్కడే చెప్పాలి. పిల్లల ఎముకల్లో కనిపించే గడ్డల్లో చాలావాటికి క్యాన్సర్‌తో సంబంధం లేదు. మోకాలి దగ్గర ఎముక పక్కకు మొలిచినట్టు గట్టిగా తగిలే ఆస్టియోకాండ్రోమా అన్నిటికంటే తరచుగా కనిపించేది. ఎముక మీద మృదులాస్థి టోపీ పెట్టుకున్నట్టు ఉండే ఈ గడ్డ పిల్లతోపాటు పెరిగి, ఎదుగుదల ఆగినప్పుడు తానూ ఆగిపోతుంది. నరాన్నో కండరాన్నో ఒత్తితే తప్ప దాన్ని ముట్టుకోనక్కర లేదు. ఎదుగుదల ఆగిన తర్వాత కూడా అది పెరుగుతుంటే మాత్రం తప్పక చూపించుకోవాలి. ఆస్టియాయిడ్ ఆస్టియోమా అని మరొకటి ఉంది. సాధారణంగా శనగగింజంత చిన్న గడ్డ. కానీ రాత్రిళ్లు మనిషిని పడుకోనివ్వదు. ఆస్పిరిన్ వంటి నొప్పి మాత్ర వేసుకోగానే విచిత్రంగా సర్దుకుంటుంది. ఇప్పుడు దీన్ని కోత లేకుండా సన్నటి సూదితో వేడి పంపి కాల్చేస్తున్నారు. ఇరవై నుంచి నలభై ఏళ్ల వయసు వారిలో మోకాలి దగ్గరో మణికట్టు దగ్గరో వచ్చే జెయింట్ సెల్ ట్యూమర్ కూడా క్యాన్సర్ కాదు గానీ, ఎముకను లోపలినుంచి తినేసి డొల్ల చేస్తుంది. కనుక మీలోనే ఎవరికైనా మణికట్టు వాపు ఎంతకూ తగ్గకపోతే, సుద్దముక్క పట్టుకొని రాసీ రాసీ వచ్చిందని సరిపెట్టుకోకండి.

పిల్లల ఎముకలలో పుట్టే క్యాన్సర్లలో మొదటి స్థానం ఆస్టియోసార్కోమాది. పదేళ్ల నుంచి ఇరవై ఏళ్ల మధ్య, అంటే సరిగ్గా మీ చేతుల్లో ఉన్న వయసులో ఎక్కువగా వస్తుంది. సగానికి పైగా మోకాలి చుట్టూనే కనిపిస్తుంది. తొడ ఎముక కింది కొన, మోకాలి కింది పెద్ద ఎముక పై కొన, ఆ తర్వాత భుజం దగ్గరి దండచేయి ఎముక. కాలు పొడుగు పెరగడంలో పెద్ద వాటా మోకాలికి అటూ ఇటూ ఉన్న ఈ రెండు కొనలదే. పిల్లలు ఒక్కసారిగా పొడుగు సాగే ఏడాదుల్లో అక్కడి కణాలు అతివేగంగా విభజన చెందుతుంటాయి. ఆ వేగంలో ఒక కణం దారి తప్పితే జబ్బుకు బీజం పడుతుంది. పాలు తాగనందుకో, క్యాల్షియం తక్కువైనందుకో ఇది రాదు. ఎవరి దిష్టీ, ఎవరి శాపమూ దీనికి కారణం కాదు. అంతకుముందు వేరే జబ్బుకు రేడియేషన్ వైద్యం జరిగిన పిల్లల్లో, కంటిలో వచ్చే రెటీనోబ్లాస్టోమా అనే క్యాన్సర్ వంశపారంపర్యంగా ఉన్న పిల్లల్లో ముప్పు ఎక్కువ. మిగిలిన చాలామందిలో కారణం ఇదీ అని వేలెత్తి చూపించడానికి ఏమీ ఉండదు. ఇది ఒకరి నుంచి మరొకరికి అంటుకోదు కూడా. ఒకే కంచంలో తిన్నా, ఒకే దుప్పటి కప్పుకున్నా రాదు. ఈ మాట హాస్టళ్లలో గట్టిగా చెప్పాల్సిన అవసరం ఉంది, ఎందుకంటే వైద్యం చేయించుకొని తిరిగి వచ్చిన పిల్లలను పక్క మంచం వాళ్లు దూరం పెట్టిన సందర్భాలు నా చెవిన పడ్డాయి.

ఈ జబ్బు అరుదైనది. పిల్లలకు వచ్చే క్యాన్సర్లన్నింటిలో ఎముకలవి దాదాపు 3 నుంచి 5 శాతం. ఊళ్లో ముప్పై ఏళ్లుగా వైద్యం చేస్తున్న ఆర్‌ఎంపీ కూడా దీన్ని ఒక్కసారీ చూసి ఉండకపోవచ్చు. చూడనిదాన్ని అనుమానించడం కష్టం. ఆటల్లో వందల మోకాలి నొప్పులను చూసి, అన్నీ వారంలో తగ్గిపోవడం చూసిన వ్యాయామ ఉపాధ్యాయుడు నూట ఒకటో నొప్పిని కూడా బెణుకే అనుకుంటాడు. అతన్ని నేను తప్పుపట్టడం లేదు. కానీ ఆ నూట ఒకటోది మిగతా వందలా ఉండదు. చెవి ఒగ్గి వింటే తేడా తెలుస్తుంది.

తేడా ఏమిటో చెబుతాను. పెరుగుడు నొప్పులని మన ఇళ్లలో అనేవి నిజంగానే ఉన్నాయి. మూడేళ్ల నుంచి పన్నెండేళ్ల పిల్లలకు సాయంత్రమో రాత్రో పిక్కలు, తొడలు లాగుతాయి. రెండు కాళ్లూ నొస్తాయి. ఒకనాడు ఇక్కడ అంటారు, మరొకనాడు అక్కడ అంటారు. తల్లి కాళ్లు పడితే నిద్రపోతారు. తెల్లవారి లేచి పరుగులు తీస్తారు. వాపు ఉండదు, కుంటడం ఉండదు. గడ్డ వల్ల వచ్చే నొప్పి అలాంటిది కాదు. అది ఒకే కాలికి లేదా ఒకే చేతికి వస్తుంది. ఎక్కడ అని అడిగితే రోజూ అదే చోట వేలు పెడతారు. మొదట్లో ఆడినప్పుడు వచ్చి విశ్రాంతి తీసుకుంటే తగ్గినట్టు ఉంటుంది, మధ్యలో కొన్నాళ్లు లేనట్టే కూడా ఉంటుంది. తర్వాత్తర్వాత పడుకున్నా వదలదు, నిద్రలోంచి లేపుతుంది. వారం వారం పెరుగుతుందే తప్ప వెనక్కి పోదు. కొన్ని వారాలకు ఆ చోట వాపు తేలుతుంది. చర్మం సాగి మెరుస్తుంది, తాకితే వెచ్చగా ఉంటుంది, సన్నటి నరాలు నీలంగా పైకి కనిపిస్తాయి. మోకాలు పూర్తిగా ముడవలేక బాసింపట్టు వేసుకొని కూర్చునే పిల్ల కాలు చాపుకొని కూర్చోవడం మొదలుపెడుతుంది. మధ్యాహ్న భోజనం వరుసలో కాలు చాపి కూర్చున్న పిల్లను క్రమశిక్షణ పేరుతో గద్దించే ముందు ఒక్కసారి ఆ మోకాలు చూడండి.

ఇంకో రెండు సంగతులు. తుంటిలో ఉన్న జబ్బు కొన్నిసార్లు మోకాలి నొప్పిగా తెలుస్తుంది. మోకాలి ఎక్స్‌రే బాగుంది అన్నంత మాత్రాన తుంటి బాగున్నట్టు కాదు. అలాగే, అరుగు మీదినుంచి దిగుతూనో బస్సు ఎక్కుతూనో, అంత చిన్న తూలుకే ఎముక పుటుక్కున విరిగితే, ఆ ఎముక లోపల ముందే ఏదో ఉండి బలహీనపడిందేమోనని అనుమానించాలి. అలా విరిగిన ఎముకను కట్టు కట్టి వదిలేయకూడదు.

దెబ్బ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే దారి తప్పించేది ఎక్కువగా అదే. దాదాపు ప్రతి పిల్లవాడూ "ఆటల పడ్డ" అనే చెబుతాడు. పిల్లలన్నాక ఎప్పుడో ఒకప్పుడు పడనే పడతారు. పడడం వల్ల గడ్డ పుట్టదు. అప్పటికే ఉన్న గడ్డ మీదికి దృష్టి మళ్లుతుంది, అంతే. కెనడా యువకుడు టెర్రీ ఫాక్స్ కథ మీలో కొందరు వినే ఉంటారు. 1976 నవంబరులో అతనికి కారు ప్రమాదం జరిగి కుడి మోకాలికి దెబ్బ తగిలింది. డిసెంబరులో మళ్లీ నొప్పి వస్తే బాస్కెట్‌బాల్ పోటీలు ముగిసేదాకా ఓర్చుకుందామని ఆడుతూనే ఉన్నాడు. 1977 మార్చిలో నొప్పి భరించలేక ఆసుపత్రికి వెళితే ఆస్టియోసార్కోమా అని తేలింది. మోకాలి పైదాకా కాలు తీసేశారు. అప్పటికి అతని వయసు 18. ఆ ప్రమాదమే జబ్బు తెచ్చిందని అతను నమ్మాడు గానీ వైద్యులు ఒప్పుకోలేదు. 1980లో క్యాన్సర్ పరిశోధనకు నిధుల కోసం కృత్రిమ కాలితో 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు పరుగెత్తాడు. జబ్బు ఊపిరితిత్తులకు చేరడంతో ఆగిపోయి, 1981 జూన్‌లో 22 ఏళ్లకు కన్నుమూశాడు. అతని పరుగును ప్రపంచం గుర్తు పెట్టుకుంది. నేను గుర్తు పెట్టుకున్నది, పోటీలు ముగిసేదాకా అని అతను వాయిదా వేసిన ఆ నెలలను. మన మండల స్థాయి, జిల్లా స్థాయి పాఠశాలల ఎస్‌జీఎఫ్ పోటీల ముందు, "టోర్నమెంట్ అయినంక చూద్దాం తియ్" అని చెప్పిన మాట ఎన్ని మైదానాల్లో వినిపించి ఉంటుందో మీకే తెలియాలి.

ఇక కట్టు సంగతి. బెణికినా, కీలు తప్పినా మన ఊళ్లలో ముందు వెళ్లేది కట్టు కట్టేవాళ్ల దగ్గరికే. వారి హస్తవాసి మీద జనానికి ఉన్న నమ్మకాన్ని నేను చిన్నచూపు చూడను. మా అమ్మ చెయ్యి విరిగినప్పుడు కూడా అలాగే కట్టించాం. కానీ బొక్క లోపల ఏముందో చేత్తో తడిమి తెలుసుకోవడం ఎవరికీ సాధ్యం కాదు, ఎంత పెద్ద డాక్టరుకైనా సరే. పదిహేనేళ్ల అబ్బాయి ఒకడు వెదురు బద్దలతో, ఆకు పసరుతో మోకాలికి కట్టు వేయించుకొని మా గదికి వచ్చాడు. మూడు నెలల్లో అది ఐదో కట్టు. మధ్యలో రోజూ పొద్దున వేడి నూనెతో రుద్దించారు. నేను, వాడి తండ్రి కలిసి కట్టు విప్పాం. ఎండిన ఆకు చర్మానికి అంటుకుపోయి ఉంటే తడిగుడ్డ పెట్టి మెల్లగా ఊడదీశాం. కింద మోకాలు బత్తాయంత ఉబ్బి నున్నగా మెరుస్తోంది. ఫిల్ములో ఎముకలోంచి బయటికి పొద్దుటి కిరణాల్లా తెల్లని గీతలు చిమ్ముకొని ఉన్నాయి. డాక్టరు గారు ఛాతీ కూడా తీయమన్నారు. ఊపిరితిత్తుల్లో రూపాయి బిళ్లల్లాంటి గుండ్రటి మచ్చలు నాలుగు కనిపించాయి. తండ్రి ఆ ఫిల్మును లైటు దగ్గర పెట్టి చాలాసేపు చూసి, "సారూ, గీ ఫోటో మొదట్లనే తీపిచ్చి ఉంటే?" అని అడిగాడు. నేను జవాబు చెప్పలేదు. ఆ అబ్బాయి ఏడాదిన్నర బతికాడు.

వాపు ఉన్నచోట రుద్దవద్దు. గట్టిగా బిగించి కట్టవద్దు. డొల్లబారిన ఎముక ఆ ఒత్తిడికి విరగవచ్చు, అన్నిటికంటే ముఖ్యంగా ఆ కట్టుల వెనక వారాలు గడిచిపోతాయి. నొప్పి మాత్రతో తగ్గింది కదా అన్న ధైర్యం కూడా అలాంటిదే. గడ్డ వల్ల వచ్చే నొప్పి సైతం మాత్రకు కొన్నాళ్లు తగ్గుతుంది.

ఎక్స్‌రే గురించి నా వృత్తి ధర్మంగా నాలుగు మాటలు. మోకాలికి తీసే ఎక్స్‌రేలో ఒంటికి తగిలే రేడియేషన్ అతి తక్కువ. దానికి భయపడి ఆపుకోవద్దు. రెండు కోణాల్లో, ముందునుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి తప్పక తీయాలి. ఒక్క కోణంలో తీసిన ఫిల్ములో గడ్డ ఎముక చాటున దాక్కోగలదు. నొప్పి చోటుకు పైనా కిందా ఎముక బాగా పడాలి. పంపే చీటీ మీద మోకాలి నొప్పి అని మాత్రమే రాయకుండా, ఎన్ని వారాలుగా ఉంది, రాత్రి నిద్ర లేపుతోందా, వాపు ఉందా అని రాసి పంపండి. ఆ ఒక్క వాక్యం ఆనాడు నా చేతికి అందిన చీటీ మీద ఉంటే నేను పొడుగు ఫిల్మే తీసి ఉండేవాణ్ని. మొదటి దశలో ఎక్స్‌రే మామూలుగా ఉండవచ్చు కూడా. అది బాగుందని వచ్చినా నొప్పి తగ్గకపోతే, మూడు నాలుగు వారాల్లో మళ్లీ తీయించాలి లేదా ఎంఆర్‌ఐ అడగాలి. పాత ఫిల్మునో, ఇప్పుడైతే ఆ సీడీనో కాగితాన్నో పారేయకుండా దాచి, మళ్లీ వెళ్లేటప్పుడు తప్పక వెంట పంపండి.

అనుమానం నిజమైతే ఆ పిల్లను ఎవరూ తొందరపడి కోయకూడదు. ముందు ఎంఆర్‌ఐ, ఛాతీకి సీటీ, ఆ తర్వాత ముక్క పరీక్ష జరగాలి. ఆ ముక్కను సాధారణంగా సూదితోనే తీస్తారు. ఆ సూది ఏ దారిన లోపలికి వెళ్లిందో ఆ దారి మొత్తాన్ని తర్వాత జరిగే పెద్ద ఆపరేషన్‌లో గడ్డతోపాటు తీసేయవలసి ఉంటుంది. అందువల్ల చివరికి ఆపరేషన్ చేయబోయే సర్జన్ బృందమే ముక్క పరీక్ష చేయడం మంచిది. చీము గడ్డ అనుకొని ఎక్కడపడితే అక్కడ కోసిన తర్వాత, నిలబెట్టగలిగి ఉండిన కాలును తీసేయవలసి రావచ్చు. ముక్క తీస్తే జబ్బు ఒళ్లంతా పాకుతుందన్న భయం మన దగ్గర బలంగా ఉన్నది. పద్ధతి ప్రకారం చేసిన పరీక్షతో అలా జరగదని, భయపడి ఇంటికి తీసుకెళ్లిపోయిన తల్లిదండ్రులకు మీలాంటి చదువుకున్నవాళ్లు, వాళ్లు నమ్మే మాస్టారు, కూర్చోబెట్టి చెప్పాలి. డాక్టరు మాట కంటే ఆ సమయంలో మీ మాటకే విలువ ఎక్కువ.

చికిత్స లేదనుకోవడం పెద్ద పొరపాటు. 1970లకు ముందు ఆస్టియోసార్కోమాకు కాలు తీసేయడమొక్కటే వైద్యం. తీసేసినా, ఐదుగురిలో నలుగురిని జబ్బు ఊపిరితిత్తుల్లో తేలి తీసుకుపోయేది. మెథోట్రెక్సేట్, డాక్సోరుబిసిన్, సిస్‌ప్లాటిన్ వంటి మందులు వచ్చాక లెక్క తలకిందులైంది. జబ్బు ఇంకా పుట్టిన చోటు దాటకముందే పట్టుకుంటే ఇప్పుడు పది మందిలో దాదాపు ఆరేడుగురు బతుకుతున్నారు. ఊపిరితిత్తులకు చేరిన తర్వాత వస్తే పదిలో ఇద్దరు ముగ్గురే. సుమారు రెండున్నర నెలలు మందులు ఇచ్చి, ఆపరేషన్ చేసి, మళ్లీ కొన్ని నెలలు మందులు ఇస్తారు. యూయింగ్ సార్కోమాకు రేడియేషన్ కూడా పనిచేస్తుంది. ఎక్కువమంది పిల్లలకు ఇప్పుడు కాలు తీయనవసరం లేకుండా, జబ్బు ఉన్న ఎముక ముక్కను మాత్రం తీసి లోహపు కీలునో మరో ఎముకనో అమరుస్తున్నారు. వరంగల్ ఎంజీఎంలో ఎముకల విభాగం ఉన్నది, మొదటి పరీక్షలకు అక్కడికి వెళ్లవచ్చు. క్యాన్సర్ చికిత్సకు హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి, పంజాగుట్టలోని నిమ్స్ ఉన్నాయి. కాజీపేటలో రైలెక్కితే రెండు మూడు గంటల ప్రయాణం. ఆరోగ్యశ్రీ కింద క్యాన్సర్ చికిత్సలు ఉన్నాయి. కుటుంబానికి ఏడాదికి ఉన్న పరిమితిని 2023 డిసెంబరులో 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచారు. ఎకరం అమ్ముకుంటే తప్ప వైద్యం జరగదన్న బెంగతో ఆగిపోయిన కుటుంబాలకు ఈ సంగతి వివరంగా చెప్పగలిగేదీ మీరే.

మిమ్మల్ని నేను కోరేది పెద్ద పని కాదు. ప్రతి హాస్టల్లో అనారోగ్య రిజిస్టరు ఉంటుంది. అందులో కాలినొప్పి అని రాసినప్పుడు ఏ కాలు, ఏ చోటు అని కూడా రాయండి. అదే పేరు, అదే కాలు రెండు వారాల తర్వాత కూడా ఆ పుస్తకంలో కనిపిస్తే ఇక ఆగవద్దు. రాత్రి నిద్ర లేచినా, వాపు కనిపించినా, కుంటుతున్నా రెండు వారాలు కూడా ఆగనక్కర లేదు. వెంటనే మాత్రలు, మలాములు పక్కన పెట్టి ఎక్స్‌రేకు పంపండి. వందసార్లు పంపితే తొంభై తొమ్మిదిసార్లు ఏమీ లేదని తిరిగి వస్తారు. ఒక రోజు బడి, బస్సు ఛార్జీలు పోతాయి. పోనివ్వండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు మీ బడులకు వచ్చి పిల్లలను పరీక్షిస్తుంటాయి. వాళ్లు వచ్చిన రోజున ఈ పిల్లలను వరుసలో ముందు నిలబెట్టండి. ఈ లేఖ ప్రతిని జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారులకు కూడా పంపుతున్నాను. ఎనిమిది నుంచి పన్నెండో తరగతి దాకా పిల్లలను ఆ బృందాలు అడిగే ప్రశ్నల్లో "రాత్రిపూట ఒకేచోట నొప్పి వస్తోందా" అన్నది ఒకటి చేర్చాలని వారికి నా విన్నపం.

జబ్బు తేలిన పిల్ల ఎనిమిది పది నెలలు బడికి దూరమవుతుంది. పేరు తీసేయకండి. జుట్టు రాలి, మనిషి సగమై తిరిగి వచ్చినప్పుడు మెట్లెక్కే పని లేకుండా తరగతిని కింది అంతస్తుకు మార్చండి. పదో తరగతి పరీక్ష రాయవలసిన ఏడాది అయితే, దానికి కావలసిన కాగితాలు ముందుగానే సిద్ధం చేయించండి.

నేను మొదట చెప్పిన అమ్మాయి బతికింది. కాలు కూడా నిలిచింది. కానీ కుడి కాలు కాస్త పొట్టి అయింది, మడమ కింద ఒక అంగుళం ఎత్తు వేయించిన చెప్పు తొడుక్కొని నడుస్తుంది. డిగ్రీ చదివి ఇప్పుడు ఒక మీసేవ కేంద్రంలో పనిచేస్తోంది. పదవీ విరమణ చేసిన రోజున ఆమెకు ఫోన్ చేసి, ఆ మొదటి ఫిల్ములో నేను చేసిన లోపం గురించి మొదటిసారి పూర్తిగా చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ఆ రెండు ఫిల్ములూ తన ఇంట్లో పెట్టెలో ఉన్నాయని, కావాలంటే తీసుకోమని చెప్పింది.

ఇప్పుడు అవి నా దగ్గర ఉన్నాయి. పేర్లు, నంబర్లు కత్తిరించిన మరికొన్ని ఫిల్ములూ, ఒక పాత వ్యూబాక్సూ ఉన్నాయి. మీలో ఏ పాఠశాలవారు పిలిచినా, భూపాలపల్లి అడవి పక్కనున్న బడి అయినా సరే, శనివారం సాయంత్రం వచ్చి ఉపాధ్యాయులందరికీ ఒక గంట వాటిని చూపించి వెళతాను. మండల విద్యాధికారి ద్వారా కబురు పెడితే చాలు, ఖర్చులు నావి. ఆ అమ్మాయిని కూడా అడిగాను. సెలవు దొరికిన రోజున తానూ వస్తానన్నది. "ఆ ఫోటో నాదని నేనే చెప్త సార్" అన్నది.

ఇట్లు
విశ్రాంత రేడియోగ్రాఫర్,
హనుమకొండ